క్లచ్ పెడల్ కీళ్ళ అరుగుదల : పరీక్ష, మరమ్మతు

మోటారు కారులో చోదకుని ఎడమ పాదము క్రింద నుండునది క్లచ్ పెడల్. ఇంజనుకును గేరుపెట్టెకును గల సంబంధమును కోరినప్పుడు తెంచుటకు, మరల మెల్లగా కలుపుటకు ఇది సాధనము. ఈ కాలపు కార్లలో పెడల్ నుండి క్లచ్ వరకు నూనె గొట్టము గాని, ఉక్కు తీగ గాని పోవును. పాత కార్లు పెక్కింటిలో ఈ రెండును లేవు. ఇనుప కడ్డీలు, మీటలు, వాటిని కలుపు చీలలు మాత్రమే యున్నవి. ఈ వరుసకు లింకేజి అని పేరు. తెలుగులో కీళ్ళ వరుస అన్నచో అర్థము చెడదు.

ఈ కీళ్ళు అరిగినప్పుడు పెడల్ వదులగును. వదులైన వెంటనే మన షెడ్లలో సాధారణముగా జరుగు పని ఒకటే. కారు క్రిందికి దూరి, కడ్డీ చివరనున్న సర్దుబాటు నట్టును నాలుగు చుట్లు బిగించి, “అయిపోయింది సార్” అని లేచుట. పెడల్ గట్టిపడును, యజమాని సంతోషించును. ఈ పని ఎందుకు చాలదో, ఏది చేయవలెనో విద్యార్థులకు తెలియజేయుటయే ఈ వ్యాసము యొక్క ఉద్దేశము.

ముందుగా ఏ కార్లను గురించి మాట్లాడుచున్నామో చెప్పవలెను. ఇంగ్లండులో అలెక్ ఇసిగోనిస్ రూపకల్పన చేయగా 1948లో వెలువడిన మోరిస్ మైనర్ కారును హిందుస్థాన్ మోటార్స్ వారు మన దేశములో బేబీ హిందుస్థాన్ అను పేరుతో తయారు చేసిరి. దానిలో పెడల్ నుండి క్లచ్ వరకు ఉన్నదంతయు కడ్డీలు, మీటలే. రెండవది జీపు. 1945లో మహీంద్రా అండ్ మొహమ్మద్ అను పేరుతో ప్రారంభమైన సంస్థ, 1947 నుండి విల్లీస్ జీపు భాగములను తెప్పించి ఇచ్చట కూర్చినది. పాత జీపులలో చట్రమునకును ఇంజనుకును మధ్య అడ్డముగా ఒక గొట్టపు ఇరుసు ఉండి, పెడల్ కదలికను క్లచ్‌కు అందించును. అంబాసిడర్ 1950ల చివరినుండి 2014 వరకు ఉత్తరపారాలో తయారైనది. ఇంత దీర్ఘకాలములో దాని లోపలి ఏర్పాట్లు పలుమార్లు మారినవి. కావున మీ ఎదుట ఏ పాత కారున్నను ముందు దాని క్రిందికి తొంగిచూడుడు. క్లచ్ పెట్టె ప్రక్కకు సన్నని నూనె గొట్టము వచ్చుచున్నచో ఈ పాఠములో సగము మాత్రమే దానికి వర్తించును. కడ్డీ వచ్చుచున్నచో మొత్తము వర్తించును.

ఉప్పల్, నాచారం ప్రాంతములో నివసించువారికి ఈ విద్య నేర్చుకొనుటకు ఒక సౌకర్యము కలదు. పారిశ్రామికవాడల సందులలో లేత్ యంత్రము, డ్రిల్లింగు యంత్రము, వెల్డింగు, గ్రైండింగు అన్నియు దగ్గర దగ్గరగా దొరకును. అరిగిన చీలను జేబులో వేసికొని బయలుదేరిన విద్యార్థి, దానికి జతయైన క్రొత్త చీలతో సాయంత్రమునకు తిరిగి రావచ్చును. అట్లే క్లచ్‌కు కఠిన పరీక్ష కూడ ఇచ్చటనే కలదు. ఉప్పల్ కూడలిలో వరంగల్ రహదారి వాహనములు, రింగు రోడ్డు వాహనములు కలియును. 2018లో ప్రారంభమైన ఉప్పల్–నారపల్లి వంతెన రహదారి పనులు సాగిన ఏళ్ళలో ఆ దారిన పోయిన చోదకునికి ఎడమకాలి నొప్పి అనగా నేమో వేరుగా చెప్పనక్కరలేదు. కిలోమీటరు దూరము నడుచుటకు యాభైసార్లు క్లచ్ త్రొక్కవలసివచ్చిన చోట, కీళ్ళ అరుగుదల కిలోమీటర్ల లెక్కలో తెలియదు.

ఇచ్చట భాషను గూర్చి ఒక మాట. తెలుగు నిఘంటువులో లేత్ యంత్రమునకు తరిమెన అను చక్కని మాట కలదు. నాచారంలో తరిమెన ఎక్కడ అని అడిగినచో ఎవరును దారి చూపలేరు. ఖరాద్ అన్నచో వెంటనే చూపుదురు. పానా, పేచ్‌కస్, రేతీ, మిస్త్రీ, ఉస్తాద్ — ఇవి ఉర్దూ మాటలని తెలుగు మిస్త్రీకి తోచదు. వదులైన కీలు విషయములో ఒకరు “ఢీలా” అందురు, మరియొకరు “ఆట ఉంది” అందురు. ఇద్దరును ఒకే చీలను వేలితో కదిపి చూపుదురు. మన సంచికను కుడినుండి తెరచు విద్యార్థికి, ఎడమనుండి తెరచు విద్యార్థికి షెడ్డులో వేరు వేరు నిఘంటువులు అవసరము లేదు.

ఇక యంత్ర విషయము. త్రొక్కిన పెడల్ తన ఇరుసు చుట్టు తిరుగును. పెడల్ యొక్క పొట్టి చేయి ఒక కడ్డీని లాగును. ఆ కడ్డీ, చట్రము క్రింద అడ్డముగా నున్న రిలే ఇరుసు మీది ఒక చేతిని త్రిప్పును. ఆ ఇరుసుకే ఉన్న రెండవ చేయి మరియొక కడ్డీని లాగును. ఈ రెండవ కడ్డీ క్లచ్ ఫోర్కు మీటను కదల్చును. ఫోర్కు లోపలి కొన, క్లచ్ వేళ్ళను నొక్కు బేరింగును ముందునకు త్రోయును. పాత ఇంగ్లీషు కార్లలో ఈ బేరింగు గుండ్లు గల బేరింగు కాదు. కార్బన్‌తో చేసిన నల్లని వలయము. గుండ్ల బేరింగు వలె ఇది నిరంతర రాపిడిని ఓర్చుకొనలేదు. కావున పెడల్ వదలినప్పుడు వలయమునకును వేళ్ళకును మధ్య కొంత ఖాళీ ఉండి తీరవలెను. ఆ ఖాళీ పెడల్ వద్దకు వచ్చునప్పటికి పెద్దదై, పాదమునకు తేలికగా తెలియును. దీనినే ఫ్రీ ప్లే అందురు. ఎంత ఉండవలెనో ఆయా కారు పుస్తకములో చూచుకొనవలెను.

ఫ్రీ ప్లే అవసరమైన ఖాళీ. కీళ్ళ అరుగుదల వలన వచ్చునది అనవసరమైన ఖాళీ. పాదమునకు రెండును ఒకే విధముగా తోచును. చిక్కంతయు ఇచ్చటనే ఉన్నది.

ఇంటర్మీడియేట్ భౌతికశాస్త్రములో చదివిన మీట సూత్రమును ఇచ్చట ఉపయోగించి చూతము. లెక్క సులభముగా నుండుటకు కొన్ని కొలతలు ఊహించుకొందము. ఇవి ఏ ఒక్క కారు కొలతలును కావు. పెడల్ ఇరుసు నుండి పాదము మోపు పలక వరకు 300 మి.మీ., ఇరుసు నుండి రెండవ వైపున చీల రంధ్రము వరకు 60 మి.మీ. అనుకొందము. నిష్పత్తి 5. రిలే ఇరుసు చేతులు రెండును సమానము, ఒకటి పైకి ఒకటి క్రిందికి ఉన్నవి. ఫోర్కు నిష్పత్తి 2. అనగా బేరింగు వద్ద 1 మి.మీ. కదలికకు పాదము వద్ద 10 మి.మీ. కావలెను. బేరింగు వద్ద 2 మి.మీ. ఖాళీ ఉండవలెనన్నచో పెడల్ వద్ద 20 మి.మీ. ఫ్రీ ప్లే ఉండవలెను.

ఇప్పుడు అరుగుదలను లెక్కింతము. చీలతో కలియు కీళ్ళు నాలుగు. పెడల్ వద్ద ఒకటి, రిలే ఇరుసు రెండు చేతుల వద్ద రెండు, ఫోర్కు వద్ద ఒకటి. ఒక్కొక్క చోట చీల, రంధ్రము కలిసి 0.5 మి.మీ. మాత్రమే అరిగినవనుకొందము. ఇది వేలితో కదిపినచో తెలిసీ తెలియనంత. నాలుగింటికి 2 మి.మీ.; పాదము వద్ద 5 రెట్లై 10 మి.మీ. అగును. పెడల్ ఇరుసు బుష్ 0.5 మి.మీ. అరిగినచో, చీల వద్ద పెడల్ నిలిచి ఇరుసు జరుగును గనుక, పాదము వద్ద 360ని 60తో భాగింపగా వచ్చు 6 రెట్లు, అనగా 3 మి.మీ. రిలే ఇరుసు బుష్ 0.5 మి.మీ. అరిగినచో మొదటి కడ్డీ వద్ద రెట్టింపై 1 మి.మీ., పాదము వద్ద 5 మి.మీ. మొత్తము 18 మి.మీ. ఏ కీలు వద్దను అర మిల్లీమీటరుకు మించి దోషము లేదు. అయినను పాదము క్రింద ముప్పాతిక అంగుళమునకు సమీపముగా వ్యర్థ చలనము చేరినది. ఒక్క కీలును పట్టుకొని చూచి “ఇది బాగానే ఉన్నది” అను మిస్త్రీ అబద్ధమాడుట లేదు. ప్రతి కీలును విడిగా చూచిన బాగానే ఉండును. కలిపి చూచినచో బాగులేదు.

మన లెక్కలోని కారులో పెడల్ ఖాళీ 20కి బదులు 38 మి.మీ. అయినది. పెడల్ మొత్తము చలనము 130 మి.మీ. అనుకొన్నచో, క్లచ్‌ను విడదీయుటకు మిగిలినది 110 కాదు, 92 మాత్రమే. క్లచ్ పూర్తిగా విడదు. ఇంజను నడుచుచుండగా మొదటి గేరు, రివర్సు గేరు వేయునప్పుడు పళ్ళు కరకరలాడును. అప్పుడు నట్టు బిగింతురు. 38 మరల 20 అగును. గేర్లు నిశ్శబ్దముగా పడును. ఈ మాత్రము నిజమే కనుక నట్టు వైద్యమును పూర్తిగా తప్పుపట్టలేము. దారిలో చిక్కుకొన్నవాడు ఇల్లు చేరుటకు అది పనికివచ్చును.

దాని వలన కలుగు కీడు వేరు. మొదటిది, అరుగుట ఆగదు. నట్టు బిగించినంత మాత్రమున చీల మరల లావు కాదు. 8 మి.మీ. చీల 6.5 మి.మీ.కు వచ్చినచో, గుండ్రముగానే అరిగినదనుకొన్నను, కోతకు తట్టుకొను బలము మూడింట రెండు వంతులకు దిగును. నిజమునకు అది గుండ్రముగా అరగదు; ఒక వైపున గాడి పడును, ఆ గాడి అంచున పగులు పుట్టును. ఈ ప్రమాదమును తెలుపుటకు పాదమునకు ఉన్న ఒకే ఒక హెచ్చరిక పెడల్ వదులు. నట్టు ఆ హెచ్చరికను చెరిపివేయును. రోగము ఉండగా జ్వరమును మాత్రము దాచినట్లు. చీల తెగునది కారు షెడ్డులో నున్నప్పుడు కాదు, పెడల్‌ను బలముగా త్రొక్కినప్పుడు. అనగా కూడలిలో, ముందు బస్సు ఆగినప్పుడు. అప్పుడు పెడల్ నేలకు పోవును, గేరులోనున్న కారు ముందునకే పోజూచును.

రెండవ కీడు, నట్టు బిగించిన కొలది కడ్డీ పొట్టిదై, రిలే ఇరుసు చేతులు విశ్రాంతి స్థితిలోనే ఒక వైపునకు వాలియుండును. మీట చేతికి కడ్డీ సుమారు లంబకోణములో నుండి లాగినప్పుడే బలము పూర్తిగా అందును. వాలిన చేయి చలనము చివరకు వచ్చునప్పటికి కోణము చెడి, పెడల్ ఒక చోట తేలికగా, ఒక చోట బరువుగా తోచును. కొన్నాళ్ళకు మర కూడ అయిపోవును. బిగించుటకు ఇక చుట్లు మిగలవు.

మూడవ కీడును మిస్త్రీలు కూడ తరచుగా గమనింపరు. ఏళ్ళ తరబడి నట్టు బిగించిన కారుకు ఒకనాడు క్రొత్త చీలలు, బుష్‌లు వేయుదురు. నట్టును మాత్రము ముట్టరు. మన లెక్కలో 20 మి.మీ. ఖాళీలో 18 అరుగుదల వలన వచ్చినది. అరుగుదల పోగానే మిగులునది 2 మి.మీ.; బేరింగు వద్ద 0.2 మి.మీ. మాత్రమే. క్లచ్ పలక వాడుకలో పలుచనైన కొలది వేళ్ళు బేరింగు వైపునకు జరుగును. వేళ్ళ నిష్పత్తి 4 అనుకొన్నచో, పలక 0.05 మి.మీ. అరిగినంతనే ఆ ఖాళీ సున్న అగును. అప్పటినుండి కార్బన్ వలయము నిరంతరము రాచుకొనును, క్లచ్ జారును, పలక కాలిన వాసన వచ్చును. మంచి మరమ్మతు చేసి కారును చెడగొట్టినట్లగును. క్లచ్ మార్చుటకు ఇంజనునో గేరుపెట్టెనో దింపవలెను. ఒక చీల ఖర్చుతో పోల్చినచో ఆ ఖర్చు ఎంత యగునో అడిగి తెలిసికొనుడు.

పరీక్షకు పరికరములు ఎక్కువ అక్కరలేదు. ఒక ఉక్కు స్కేలు, సుద్దముక్క, దీపము, వెర్నియర్ కాలిపరు చాలును. మన ప్రయోగశాలలోని సాధారణ వెర్నియర్ 0.1 మి.మీ. వరకు చదువును, ఈ పనికి అది సరిపోవును. ప్రతి సంవత్సరము ఇనుప గుండును, గాజు పలకను కొలుచుటకు మారుగా ఒక సంవత్సరము అరిగిన చీలను కొలిపించినచో విద్యార్థులు వెర్నియర్‌ను మరువరు. కమిటీవారు దీనిని ఆలోచింప ప్రార్థన.

కారును సమతలమున నిలిపి, ఇంజను ఆపి, చేతి బ్రేకు వేసి, చక్రములకు అడ్డుకట్టలు పెట్టవలెను. కారును ఎత్తవలసివచ్చినచో జాకీ మీద మాత్రము నిలిపి క్రిందికి దూరరాదు. గట్టి స్టాండ్ల మీద నిలిపిన తరువాతనే దూరవలెను. ఇటుకల మీద నిలుపుట మన ప్రాంతములో అలవాటు. బరువు ఒక మూలకు పడగానే ఇటుక పగులును, అది ముందుగా చెప్పి పగులదు.

ఒకరు పెడల్ ప్రక్కన స్కేలు నిలిపి, చేతితో మెల్లగా నొక్కవలెను. ఒకరు క్రింద నుండి చూడవలెను. పెడల్ కదలిన క్షణమున మొదటి కడ్డీ కదలినదా? లేనిచో ఎన్ని మిల్లీమీటర్ల తరువాత కదలినది? ఆ తరువాత రిలే ఇరుసు, రెండవ కడ్డీ, ఫోర్కు మీట. ఒక్కొక్కటి కదలుట ప్రారంభించినప్పుడు క్రిందివారు చెప్పగా, పైవారు స్కేలు చూచి వ్రాసికొనవలెను. ఫోర్కు కదలుట మొదలైన చోటు వరకు జరిగినదంతయు అరుగుదల. అచ్చటినుండి పెడల్ బరువెక్కు చోటు వరకు జరిగినది నిజమైన ఖాళీ. ఈ రెండు అంకెలు వేరుగా తెలిసిన నాడు సగము పని అయినట్లే.

ఇందులో ఒక మోసము కలదు. ఎండిన బురద, తుప్పు పట్టిన కీలు వదులుగా నున్నను బిగిసినట్లు కనబడును. పరీక్షకు ముందు కీళ్ళను కిరోసినుతో కడిగి తుడువవలెను. మరియొక మోసము ఇంజను రబ్బరు దిమ్మెలు. ఇంజను రబ్బరు మీద కూర్చున్నది, పెడల్ చట్రము మీద కూర్చున్నది. దిమ్మెలు మెత్తబడినచో పెడల్ త్రొక్కినప్పుడు ఇంజనే జరుగును. క్లచ్ కలియునప్పుడు కారంతయు వణకును. జీపులో అడ్డపు ఇరుసు ఒక కొన చట్రము మీదను, ఒక కొన ఇంజను వైపునను ఉండుట చేత ఈ దోషము మరింత ప్రస్ఫుటము. చీలలన్నియు మార్చినను వణకు పోనిచో కీళ్ళను నిందింపరాదు.

మరమ్మతులో మొదటి సూత్రము: చీల చౌక, మీట విలువైనది. కావున రాపిడి చీల మీదను, బుష్ మీదను పడవలెను గాని మీట కన్ను మీద పడరాదు. పాత చీలలను దాచియుంచక అన్నిటిని మార్చవలెను. వీటిని మధ్యరకపు కార్బన్ గల ఉక్కుతో, అనగా బజారులో ఇ.ఎన్.8 అని అమ్ము కడ్డీతో, లేత్ మీద చేయించుకొనవచ్చును. మేకును కోసి చీలగా వాడుట కొన్ని చోట్ల కనబడును. దానిని గురించి వ్రాయుటకు ఈ పత్రికలో స్థలము వ్యర్థము.

కోడిగ్రుడ్డు ఆకారముగా అరిగిన రంధ్రమునకు మూడు మార్గములు కలవు. వెల్డింగుతో పూడ్చి మరల రంధ్రము చేయుట ఒకటి. చేయుట సులభము, సరిగా చేయుట కష్టము. వెల్డు లోహము గట్టిపడి డ్రిల్లును ప్రక్కకు త్రోయును, రంధ్రము తన అసలు చోటునుండి జరుగును, మీట పొడవు మారును. మీట పోత ఇనుముదైనచో మామూలు వెల్డింగు దానిని పగులగొట్టును. రెండవది, రంధ్రమును రీమరుతో పెద్దది చేసి లావు చీల వేయుట. కంటి చుట్టు లోహము చాలినంత ఉన్నచో ఇది మేలైన పని. కాని ఎదుటి కడ్డీ దవడ రంధ్రములను కూడ అంతే పెద్దవి చేయవలెను, మరల అరిగిననాడు మరల పెద్దది చేయుటకు వీలుండదు. మూడవది బుష్ వేయుట. ఉదాహరణకు 8 మి.మీ. రంధ్రమును 11 మి.మీ.కు తెరచి, వెలుపల 11కు రెండు మూడు నూరవ వంతులు ఎక్కువగా నుండు ఫాస్ఫర్ బ్రాంజు బుష్‌ను నొక్కి కూర్చుండబెట్టి, తరువాత లోపలి రంధ్రమును రీమరుతో సరిచేయవలెను. ముందే సరిచేసినచో పనికిరాదు, ఎందుకనగా నొక్కినప్పుడు బుష్ కొద్దిగా ముడుచుకొనును. అరిగిన రంధ్రమును తెరచునప్పుడు డ్రిల్లు అరిగిన వైపునకే పోజూచును గనుక, మీటను బల్లకు బిగించి, అరుగని అంచును ఆధారముగా కేంద్రము గుర్తింపవలెను. ఈ ఒక్క చోట తొందరపడిన ఖరాదీ మిగిలినదంతయు ఎంత నునుపుగా చేసినను ఫలము లేదు.

పెడల్ ఇరుసు ఎల్లప్పుడు ఒకే వైపున అరుగును, పాదబలము ఒకే దిక్కున పడుట చేత. దానిని సగము చుట్టు త్రిప్పి వేసినచో కొన్నాళ్ళు నడచునని పాత మిస్త్రీలకు తెలుసు. తాత్కాలికముగా తప్పు లేదు. శాశ్వతముగా చేయవలెనన్నచో ఇరుసును కొద్దిగా తురిమి గుండ్రము చేసి, దానికి తగిన బుష్ చేయించవలెను. బుష్‌లో గ్రీజు పోవు గాడిని, రంధ్రమును మరువరాదు. నూనె పీల్చు రకపు పొడి లోహ బుష్ వేసినచో దానిని రీమరుతో గీకరాదు. సూక్ష్మ రంధ్రములు మూసికొనిపోయి నూనె రాదు. రిలే ఇరుసునకు, సైలెన్సరు గొట్టము సమీపముగా పోవు కార్లలో, నైలాన్ బుష్ వాడుట నాకు సమ్మతము కాదు.

కొలతలలో ఒక చిక్కును మన విద్యార్థులు ప్రత్యేకముగా తెలిసికొనవలెను. ఈ కార్లు అంగుళముల లెక్కలో పుట్టినవి. 1956 నాటి తూనికలు కొలతల చట్టము తరువాత మన దేశము క్రమముగా మెట్రిక్ పద్ధతికి వచ్చినది. బజారులో దొరకునది మి.మీ. కడ్డీయే. 5/16 అంగుళమనగా 7.94 మి.మీ. క్రొత్త 8 మి.మీ. చీల పాత రంధ్రములో దూరదు, సుత్తితో కొట్టినచో దూరి బిగిసిపోవును. 8 మి.మీ. రంధ్రములో 5/16 చీల మొదటి దినముననే వదులు. మరల విషయములో ఇంకను ప్రమాదము. 5/16 సన్నమర అంగుళమునకు 24 చుట్లు, అనగా చుట్టుకు సుమారు 1.06 మి.మీ.; మామూలు 8 మి.మీ. మర చుట్టుకు 1.25 మి.మీ. ఒకదాని నట్టు రెండవదానికి ఒకటి రెండు చుట్లు ఎక్కును, ఆపైన బలవంతము చేసినచో ఏ కడ్డీ అయితే మరల దొరకదో ఆ కడ్డీ మరనే కోసివేయును. బుష్ వేయు పద్ధతిలో ఈ తగవు తీరును. లోపలి రంధ్రమును మనము ఎంచుకొన్న చీలకు సరిపోవునట్లు చేసికొనవచ్చును.

ఇంత శ్రమ ఎందుకు, వేరే కారు పెడల్ పెట్టెను తెచ్చి, నేల కోసి, నూనె గొట్టము క్లచ్ పెట్టరాదా అని కొందరు అడుగుదురు. పెట్టవచ్చును. అయితే కేంద్ర ప్రభుత్వము 2021 జూలైలో వింటేజ్ వాహనములకు నియమములు ప్రకటించినది. మొదటి రిజిస్ట్రేషను నాటినుండి యాభై ఏళ్ళు నిండి, అసలు రూపములో నిలిచిన, చట్రము, బాడీ, ఇంజనులలో పెద్ద మార్పులు లేని వాహనములకు రాష్ట్ర సంకేతము తరువాత వీఏ అను అక్షరములతో ప్రత్యేక నంబరు ఇచ్చెదరు. క్రొత్త నమోదు రుసుము 20,000 రూపాయలు, గడువు పదేళ్ళు. నేల కోసిన కారు ఆ పరీక్షకు నిలుచునా అని యజమాని ముందే ఆలోచించుకొనవలెను. బుష్ వేసిన మీట అసలు మీటయే. కోసి పారవేసిన మీట తిరిగి రాదు.

కూర్పునకు వత్తము. దవడల రంధ్రములు ఒకదానికొకటి సమాంతరముగా నున్నవో లేవో, చీల బలవంతము లేకుండ వ్రేలితో దూరుచున్నదో లేదో చూడవలెను. చీల తల పైవైపున నుండవలెను. స్ప్లిట్ పిన్ ఎన్నడైన ఊడినను చీల తన బరువుతో నిలిచియుండును. తల క్రిందికి పెట్టినచో స్ప్లిట్ పిన్‌తో పాటు చీలయు రోడ్డు పాలగును. స్ప్లిట్ పిన్‌లు ప్రతిసారి క్రొత్తవే వాడవలెను. నిలిపియుంచవలసినది రెండు పైసల తీగయే కదా అని పాతవానిని నిటారుగా చేసి వాడుట కూడదు. ప్రక్కలకు ఊగకుండ పలుచని వాషరు వేయవలెను. కీలు బిగుతుగా నుండుట మంచిదని నట్టుతో నొక్కిపెట్టరాదు. గ్రీజు పూసి, పైకి వచ్చిన మిగులును తుడువవలెను. గ్రీజులో చేరిన రోడ్డు దుమ్ము సానపిండి వలె పనిచేయును.

ఇప్పుడు, ఇప్పుడు మాత్రమే, నట్టు. మొదట దానిని బాగుగా వదులు చేసి, ఆ తరువాత పెడల్ వద్ద పుస్తకములోని ఖాళీ వచ్చువరకు కొద్దికొద్దిగా బిగించి, లాక్ నట్టు వేయవలెను. కారును క్రిందికి దించి ఇంజను నడిపి, పెడల్ పూర్తిగా త్రొక్కి, మూడు నాలుగు సెకనులు ఆగి రివర్సు గేరు వేయవలెను. పళ్ళు మ్రోగరాదు. మ్రోగినచో నట్టు దోషము కాదు, కీళ్ళలో ఎక్కడనో అరుగుదల మిగిలియున్నది, లేదా క్లచ్‌లోనే వ్యాధి యున్నది. తరువాత ఖాళీ రోడ్డున పై గేరులో యాక్సిలరేటరు ఒక్కసారి నొక్కి, వేగము పెరుగకుండ ఇంజను మాత్రమే అరచుచున్నదేమో వినవలెను.

పెడల్ వద్ద కొలిచిన రెండు అంకెలను, తేదీని, చీలల కొలతలను ఒక కాగితముపై వ్రాసి కారు పుస్తకములో ఉంచవలెను. ఐదు వందల కిలోమీటర్లు నడచిన తరువాత మరల కొలిచినచో క్రొత్త బుష్‌లు ఎంత సర్దుకొన్నవో తెలియును. సాధారణముగా నట్టును ఒక అర చుట్టు త్రిప్పవలసి వచ్చును.